కరిగిన కంచు, కాలిన మట్టి, తోలు తిత్తి: పోతపని చరిత్రలో కనపడని చేతులు

పంచలోహ విగ్రహం గురించి మన చరిత్ర పుస్తకాలు మాట్లాడే తీరు ఎప్పుడూ ఒకటే. ముందు రాజు పేరు, తర్వాత రాణి చేసిన దానం, ఆ తర్వాత ఆగమం, చివరికి విగ్రహం ముఖంలోని ప్రశాంతత. ఆ విగ్రహం ఒకప్పుడు ఎర్రగా కాగిన ద్రవమనీ, అంతకు ముందు అది మైనపు బొమ్మ అనీ, ఆ మైనం చుట్టూ ఎవరో మట్టి మెత్తారనీ, బొగ్గుల్లోకి ఎవరో గంటల తరబడి గాలి కొట్టారనీ ఆ పుస్తకాలు చెప్పవు. చెప్పినా ‘నిపుణులైన శిల్పులు’ అనే రెండు మాటలతో దాటేస్తాయి. ఆ దాటేసిన చోటనే ఆగి చూడాలన్నది మా ఉద్దేశం.

అయితే ఆధారాలు ఎక్కడ? శాసనాలు రాయించింది పాలకులు. గ్రంథాలు రాసింది సంస్కృతం వచ్చినవాళ్ళు. మట్టి తవ్వినవాళ్ళు, తోలు పదును పెట్టినవాళ్ళు ఏమీ రాసిపెట్టలేదు, రాసుకునే వీలు వాళ్ళకు ఇవ్వలేదు. కాబట్టి మేం ఇంకో వైపు నించి మొదలుపెడుతున్నాం. రాగి 1085 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. ఇది రాజు తామ్రపత్రం రాయించినా మారదు, పురోహితుడు మంత్రం చదివినా మారదు. అంత వేడి పుట్టాలంటే గాలి కావాలి. గాలి కొట్టాలంటే తిత్తి కావాలి. శాసనం మనిషి పేరును వదిలేయగలదు గానీ, లోహం కరగడానికి కావలసిన పనిని వదిలేయలేదు. పదార్థం గుణాలను సరిగ్గా చదివితే, ఏ ఏ పనులు జరిగి తీరాలో తెలుస్తుంది. ఆ పనులు ఎవరు చేశారన్నది అప్పుడు అడగాల్సిన ప్రశ్న అవుతుంది.

గట్టిదీ, పారేదీ

ఘనానికి సొంత ఆకారం ఉంటుంది, ద్రవానికి ఉండదు, అది పోసిన పాత్ర ఆకారం తీసుకుంటుంది. ఈ పాఠం బడికి పోయిన ప్రతివాళ్ళూ చదివారు. పోతపని మొత్తం ఈ ఒక్క తేడా మీద నిలబడి ఉంది. గట్టి లోహంలో అణువులు ఎవరి చోట్లో వాళ్ళు కట్టుబడి, నిలబడిన చోటనే వణుకుతుంటాయి. వేడి పెరిగేకొద్దీ ఆ వణుకు పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక కట్టు సడలి అణువులు ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి. జారతాయి గానీ విడిపోవు, దగ్గర దగ్గరగానే ఉంటాయి. అందుకే కరిగిన లోహం నీళ్ళలా పారుతుంది గానీ పొగలా చెదిరిపోదు. చల్లారితే మళ్ళీ కట్టు పడుతుంది. కర్ర కాలితే బూడిదవుతుంది, ఆ బూడిద తిరిగి కర్ర కాదు. లోహం అలా కాదు. పగిలిన గంటను కరిగిస్తే కొత్త గంట అవుతుంది. పోతపనివాళ్ళ ఇంట్లో పాత గిన్నె, విరిగిన గజ్జె, అరిగిన గరిటె ఏదీ చెత్త కాదు.

అయితే ‘పాత్ర ఆకారం తీసుకుంటుంది’ అని చెప్పడం తేలిక, తీసుకునేటట్టు చేయడం కష్టం. కరిగిన రాగి నీళ్ళంత సులువుగానే పారుతుంది. కానీ దాని తలతన్యత నీళ్ళ కంటే 15 రెట్లకు పైనే. అంటే అది తన ఉపరితలాన్ని గట్టిగా బిగించి పట్టుకుంటుంది, సన్నటి సందుల్లోకి దానంతట అది దూరదు. విగ్రహం వేలి కొసలోకి, గజ్జె మీది సన్నగీతలోకి లోహం చేరాలంటే పైనించి బరువు పడాలి. అందుకే అచ్చుకు ఎత్తయిన గొంతు పెడతారు. ఆ గొంతులో నిలబడిన లోహం బరువే కింది లోహాన్ని మూలమూలకూ తోస్తుంది.

రెండో చిక్కు, ముడుచుకోవడం. నీళ్ళు గడ్డకడితే పెరుగుతాయి, చాలా లోహాలు గడ్డకడితే తగ్గుతాయి. రాగి ద్రవం నించి ఘనంగా మారేటప్పుడు పరిమాణంలో నూటికి 4, 5 వంతులు తగ్గుతుంది. ఆ తగ్గినచోట లోపల బొక్క పడుతుంది. దాన్ని నింపడానికి పైన ఇంకా కరిగి ఉన్న లోహం కొంత నిలవ ఉండాలి. అంటే బొమ్మ ముందు గట్టిపడాలి, గొంతు చివర గట్టిపడాలి. ఏది ముందు చల్లారాలో, ఏది వెనక చల్లారాలో మందాన్ని బట్టి లెక్క చూసుకోవాలి.

మూడోది గాలి. పోసేటప్పుడు అచ్చులోని గాలి బయటికి పోవాలి. మట్టిలో తడి మిగిలితే ఆవిరవుతుంది. నీళ్ళు ఆవిరైతే సుమారు 1700 రెట్లు ఉబ్బుతాయి. అచ్చు పేలితే కాలేది పోసేవాళ్ళ చేతులూ ముఖాలే. పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా ఉన్నది పనిచేసేవాళ్ళ ఒంటి మీద మచ్చగా ఉంటుంది.

నాలుగోది కలపడం. శుద్ధ రాగితో పోతపోయడం కష్టం. దానికి ఎక్కువ వేడి కావాలి, కరిగినప్పుడు వాయువులు పీల్చుకుంటుంది, చల్లారేటప్పుడు వాటిని వదిలి బుడగలు బుడగలుగా అవుతుంది. 232 డిగ్రీలకే కరిగే తగరం పదో వంతు కలిపితే కంచు అవుతుంది, 1000 డిగ్రీల చుట్టుపక్కలే పారుతుంది, చల్లారాక రాగి కంటే గట్టిగా ఉంటుంది. కరగడం తేలికవుతుంది, గట్టిదనం పెరుగుతుంది. రెండు మెత్తటి లోహాలు కలిస్తే గట్టి లోహం పుడుతుందన్న సంగతి ఎవరికీ ముందుగా తోచేది కాదు. చేసి, చెడగొట్టి, మళ్ళీ చేసి చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఇత్తడిలో కలిసే జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. రాగి కరగకముందే పారిపోయే లోహాన్ని రాగిలో నిలబెట్టడమంటే మూత, మూస, మంట మూడింటి మీదా పట్టు ఉండాలి. దీన్ని ‘చేతి నైపుణ్యం’ అని మాత్రమే పిలిచి, ‘జ్ఞానం’ అనే మాటను ఇంకొకళ్ళ కోసం దాచిపెట్టడం ఏ న్యాయం?

మైనం పోయిన చోట

మైనపు పోత పద్ధతిలో నాలుగు పదార్థాల గుణాలు ఒకదానికొకటి సాయం పడతాయి. తేనెమైనం మామూలు వేడిలో గట్టిగా ఉంటుంది, కానీ చేతి వెచ్చదనానికి మెత్తబడుతుంది. 62, 64 డిగ్రీల మధ్య పూర్తిగా కరుగుతుంది. దానికి గుగ్గిలం, కాస్త నూనె కలిపితే ఇంకా గీత నిలుస్తుంది. ఆ మైనంతో బొమ్మ చేస్తారు. లోపల డొల్లగా కావాలంటే ముందు మట్టి ముద్ద చేసి దానిమీద మైనం పొర వేస్తారు. డోక్రా పనివాళ్ళయితే మైనాన్ని దారాలుగా లాగి మట్టి ముద్ద చుట్టూ చుడతారు.

దానిమీద మట్టి. మొదటి పూత ఏటి ఒండ్రు, బాగా జల్లించిన మెత్తటిది. మైనం మీది ప్రతి గీతనూ ఈ పూతే పట్టుకుంటుంది. ఆ పైన పేడ, ఊక కలిపిన ముతక మట్టి. ఎందుకు కలుపుతారు? కాల్చినప్పుడు ఊక, పేడలోని పీచు కాలిపోయి మట్టిలో కంటికి కనపడని సందులు మిగులుతాయి. లోహం పోసినప్పుడు గాలి ఆ సందుల్లోంచి బయటికి పోతుంది, లోహం మాత్రం తన తలతన్యత వల్ల వాటిలోకి దూరలేదు. గాలిని వదిలి లోహాన్ని ఆపే గోడ అది. ఇళ్ళ గోడలకు మట్టి మెత్తేటప్పుడు మన ఆడవాళ్ళు పేడా, ఊకా కలిపేది మట్టి ఎండినప్పుడు బీటలు వారకుండా. ఆ రెండు పనుల్లోనూ ఉన్నది ఒకే ఎరుక, మట్టి ఒక్కటే అయితే నిలవదని.

అచ్చును కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. మట్టి మాత్రం కరగదు సరికదా, ఇంకా గట్టిపడుతుంది. ఒకే మంట ఒకదాన్ని ద్రవం చేస్తుంది, ఇంకోదాన్ని రాయి చేస్తుంది. మైనం పోయిన ఖాళీలోకి కరిగిన కంచు వస్తుంది. అచ్చు అప్పటికే వేడిగా ఉండాలి, లేకుంటే లోహం దారిలోనే గడ్డకట్టి వేళ్ళూ చెవులూ రాకుండా పోతాయి. బెంగాల్, ఒడిశా డోక్రా పనివాళ్ళలో కొందరు ఇంకో ఉపాయం కనిపెట్టారు. లోహపు ముక్కలను అచ్చుకే అంటిపెట్టిన మట్టి గిన్నెలో పెట్టి, మూసేసి, మొత్తాన్నీ కొలిమిలో కాల్చి, లోహం కరిగాక తలకిందులు చేస్తారు. అచ్చూ లోహమూ ఒకే వేడిలో ఉంటాయి, బయటి గాలి తగలదు. చల్లారాక మట్టి పగలగొడతారు. ఒక అచ్చుకు ఒకే బొమ్మ.

శ్లోకానికి ముందు ఐదువేల ఏళ్ళు

ఈ విద్యకు మూలం శిల్పశాస్త్రమని చెప్పడం మామూలు. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరు మీద 1131 ప్రాంతంలో వచ్చిన సంస్కృత గ్రంథం ‘మానసోల్లాసం’లో మైనపు పోత వర్ణన ఉంది. మన తెలంగాణలో చాలా భాగం ఆనాడు ఆ చాళుక్యుల ఏలుబడిలోనిదే, కాకతీయులు వాళ్ళ సామంతులే. మైనపు బొమ్మను తూచి, రాగి, ఇత్తడి అయితే దానికి ఎనిమిది నించి పదింతలు, వెండి అయితే పన్నెండింతలు తీసుకోవాలని ఆ పద్ధతి. ఇది కచ్చితమైన లెక్క. ఒక ఘన సెంటీమీటరు మైనం ఒక గ్రాముకు కాస్త తక్కువ, రాగి దాదాపు 9 గ్రాములు, వెండి పదిన్నర గ్రాములు. మైనం ఖాళీ చేసిన చోటే లోహం నిండాలి కాబట్టి తూకం నిష్పత్తి అంతే ఉండాలి, గొంతులో మిగిలేదానికి కాస్త ఎక్కువ. సాంద్రత అనే మాట లేకుండానే సాంద్రత లెక్క కట్టారు.

కానీ ఈ లెక్క రాజుకు ఎవరు చెప్పారు? బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో దొరికిన చక్రం లాంటి చిన్న రాగి తాయెత్తు మైనపు పోతతో చేసిందే. దాని వయసు సుమారు 6000 ఏళ్ళు. దాని లోపలి నిర్మాణం మీద శాస్త్రవేత్తల పరిశోధన 2016లో అచ్చయింది. మొహెంజొదారోలో 1926లో దొరికిన, పండితులు ‘నాట్యకత్తె’ అని పేరు పెట్టిన పదిన్నర సెంటీమీటర్ల కంచు బొమ్మ వయసు నాలుగున్నర వేల ఏళ్ళు. మహారాష్ట్రలో ప్రవరా నది ఒడ్డున దైమాబాద్‌లో 1974లో ఒక భిల్లు రైతు తవ్వుతుంటే రథం, ఏనుగు, ఖడ్గమృగం, దున్నపోతు బయటపడ్డాయి. నాలుగూ కలిపి 60 కిలోలకు పైనే. బీహార్‌లోని సుల్తాన్‌గంజ్‌లో 1860ల మొదట్లో రైలుదారి పనిలో బయటపడ్డ రాగి బుద్ధుడు 2.3 మీటర్ల ఎత్తు, 500 కిలోలకు పైగా బరువు. ఇప్పుడు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ మ్యూజియంలో ఉన్నాడు.

అంటే శ్లోకం రాసేనాటికి ఈ పని వయసు దాదాపు ఐదువేల ఏళ్ళు. వేదాలకు ముందు, వర్ణాలకు ముందు, మనుస్మృతికి ముందు ఈ దేశంలో మనుషులు లోహం కరిగించి అచ్చులో పోశారు. గ్రంథం పని నించి పుట్టింది, పని గ్రంథం నించి పుట్టలేదు. ఈ వరసను తలకిందులు చేసి చెప్పడమే బ్రాహ్మణీయ చరిత్ర రచన చేసిన పెద్ద పని. చేతుల్లో ఉన్నదాన్ని శ్లోకంలోకి తీసుకున్నాక, శ్లోకం చదవగలిగినవాళ్ళు జ్ఞానులు, చేయగలిగినవాళ్ళు పనివాళ్ళు అయిపోయారు.

గాలి ఎవరిది?

ఇక కొలిమి దగ్గరికి వద్దాం. బొగ్గులు వాటంతట అవి కాలుతుంటే రాగి కరిగే వేడి రాదు. గాలి బలంగా కొట్టి, బొగ్గుకు అందే ఆక్సిజన్‌ను పెంచితేనే 1100, 1200 డిగ్రీలు వస్తాయి. అదీ ఆగకుండా కొట్టాలి. మధ్యలో ఆపితే మూసలోని లోహం మళ్ళీ గడ్డకడుతుంది. అందుకే రెండు తిత్తులు పెడతారు. ఒకటి నిండుతుంటే ఇంకొకటి ఊదుతుంది, మట్టి గొట్టంలోంచి గాలి తెగకుండా పోతుంది.

తిత్తి దేనితో చేస్తారు? తోలుతో. ఇక్కడ కూడా ఘనపదార్థం గుణమే ప్రశ్న. పచ్చి చర్మం రెండు రోజుల్లో కుళ్ళుతుంది. ఎండబెడితే చెక్కలా బిగుసుకుపోతుంది, వంచితే పగులుతుంది. వేలసార్లు మడిచినా విరగని, గాలి కారని, వేడి దగ్గర ఎండిపోని పదార్థం కావాలి. ప్రకృతిలో అట్లాంటిది తయారుగా దొరకదు. చర్మాన్ని సున్నంలో నానబెట్టి వెంట్రుకలు, కొవ్వు తీసేసి, తంగేడు చెక్క ఊరిన లందలో రోజుల తరబడి ఉంచితే, ఆ చెక్కలోని వగరు చర్మపు పోగులను పట్టుకుని కుళ్ళకుండా కట్టేస్తుంది. అప్పుడే అది తోలవుతుంది. కంచులో తగరం చేసే పని ఎట్లాంటిదో లందలో తంగేడు చేసేదీ అట్లాంటిదే. ఒక పదార్థం గుణాన్ని ఇంకో పదార్థంతో మార్చడం. మొదటిదాన్ని లోహశాస్త్రం అంటున్నాం. రెండోదాన్ని మైల అన్నారు.

తెలుగు ఊళ్ళల్లో ఈ పని మాదిగలది. చెప్పులు, మోట తోళ్ళు, డప్పు, కొలిమి తిత్తి అన్నీ ఆ లందలోంచి వచ్చినవే. కమ్మరి కొలిమైనా, కంచరి కొలిమైనా తోలు లేకుండా మండలేదు. కమ్మరి నాగలి కర్రు లేకుండా సేద్యం లేదని అందరూ ఒప్పుకుంటారు. కర్రు కాలడానికి వెనక తిత్తి ఉందనీ, తిత్తి వెనక లంద ఉందనీ ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఊరి చివరి లంద వాసనకు ముక్కు మూసుకున్న ఊరు, ఆ లందలో తయారైన గాలితోనే తన దేవుణ్ణి పోతపోసుకుంది.

లోహకారులు కూడా అందరూ ఒక మెట్టు మీద లేరు. పంచాణం వారు జంధ్యం వేసుకున్నారు, విశ్వకర్మ సంతతి అని చెప్పుకున్నారు. తమ కర్మకాండ తామే చేసుకునే హక్కు కోసం బ్రాహ్మణులతో పోట్లాడి, పంతొమ్మిదో శతాబ్దం తొలిరోజుల్లో చిత్తూరు జిల్లా అదాలతు దాకా పోయారు. ఆ పోరాటం చిన్నది కాదు. కానీ ఆ పోరాటంలో తిత్తి చేసినవాళ్ళకు చోటు దొరకలేదు. కులం పనిని పంచి ఊరుకోదు, పనిచేసేవాళ్ళనే మెట్లమెట్లుగా విడగొడుతుందని అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో వాదించింది ఇదే. ఒకే కొలిమి చుట్టూ నిలబడినవాళ్ళు ఒకే బంతిలో కూర్చోలేకపోయారు.

పోయని పోత: కోనసముద్రం

ఇనుము కథ వేరు. అది కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. మన పాత కొలుములకు అంత వేడి అందలేదు. అందుకే ఇక్కడ ఇనుమును కరిగించి పోయలేదు, మెత్తబడిన ముద్దను సుత్తితో కొట్టి మలిచారు. కానీ ఇనుములోకి బొగ్గులోని కార్బన్ చేరితే కరిగే వేడి తగ్గుతుంది. ఈ గుణాన్ని పట్టుకునే దక్షిణాది పనివాళ్ళు మూస ఉక్కు చేశారు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం దానికి పేరుపడ్డ ఊరు. ఊక కలిపిన మట్టితో మూస చేసి, లోపల ఇనుము పెట్టి, మూసేసి, గంటల కొద్దీ కాల్చి, మెల్లగా చల్లార్చేవారు. ఇక్కడ లోహాన్ని పోయడం ఉండదు, మూసే అచ్చు. ఎంత మెల్లగా గట్టిపడితే ఉక్కు లోపలి అల్లిక అంత తేటగా వస్తుంది. ఆ అల్లికే కత్తి మీద అలల గీతలై కనిపిస్తుంది.

కంపెనీ ఉద్యోగి హెన్రీ వాయ్‌సీ 1820 ప్రాంతంలో ఆ పనిని చూసి రాసిన వర్ణన 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అప్పటికి ఇరాన్ నించి వర్తకులు ఆ ఉక్కు కోసం కోనసముద్రం దాకా వచ్చేవారు. లండన్‌లో మైకేల్ ఫారడే 1819లో ఇదే రకం ఉక్కును పరీక్షించి అందులో ఏముందో తేల్చడానికి పూనుకున్నాడు. ఫారడే ఒక కమ్మరి కొడుకు. పుస్తకాలు కుట్టే పని నేర్చుకుంటూ ఆ పుస్తకాలే చదివి శాస్త్రవేత్త అయినవాడు. ఆ దేశంలో వర్గ భేదాలు లేవని కాదు. కానీ కమ్మరి కొడుకు ప్రయోగశాలలోకి పోయే దారి, ఇరుకుదే అయినా, ఒకటి ఉంది. ఆయన పరీక్షించిన ఉక్కును చేసినవాళ్ళ పిల్లలకు ఇక్కడ అట్లాంటి దారే లేదు. ఉక్కు సముద్రాలు దాటి పోయింది, చేసినవాళ్ళు అదే కొలిమి దగ్గర ఉండిపోయారు.

ఒకే గుడిలో రెండు జాబితాలు

తంజావూరు పెద్ద గుడి 1010లో పూర్తయింది. దాని రాళ్ళ మీద మొదటి రాజరాజు కాలపు శాసనాలు బారులు బారులుగా ఉన్నాయి. గుడికి ఇచ్చిన లోహ విగ్రహాల జాబితా అందులో ఉంది. ఎవరు ఇచ్చారు, విగ్రహం ఎంత ఎత్తు, ఎన్ని చేతులు, గట్టి పోతనా డొల్లనా, ఇవన్నీ మూరల్లో, వేళ్ళల్లో కొలిచి రాయించారు. కళాచరిత్రకారులు ఈ జాబితాను ఎంతో ఇష్టంగా చదువుతారు.

అదే గుడి మీద ఇంకో జాబితా ఉంది. గుడికి రాసిచ్చిన ఊళ్ళల్లో పన్నులేని భూములు ఏవేవో చెప్పే లెక్క. ఊరి నివాస స్థలం, చెరువులు, కాలువలు, శ్మశానం, వాటితోపాటు కమ్మాణచ్చేరి, పరైచ్చేరి, తీండాచ్చేరి. కమ్మాణచ్చేరి అంటే కమ్మాలర్లు, అంటే లోహం, కర్ర, రాయి పనివాళ్ళ వాడ. పరైచ్చేరి అంటే పరయ్యర్ల వాడ. తీండాచ్చేరి అంటే ముట్టకూడనివాళ్ళ వాడ. వెయ్యేళ్ళ కింద, చోళుల కంచు పోత శిఖరానికి చేరిన కాలంలోనే, వాడలు విడివిడిగా ఉన్నాయనడానికి ఇది రాతి మీది సాక్ష్యం. ఒక జాబితా పోత విగ్రహం ఎత్తును వేళ్ళతో కొలిచింది. రెండో జాబితా ఎవరు ఎవరికి ఎంత దూరంలో ఉండాలో కొలిచింది. మొదటిదాన్ని కళాచరిత్ర అనీ, రెండోదాన్ని రెవెన్యూ చరిత్ర అనీ వేరువేరు అరల్లో పెట్టి చదవడం వల్లనే ఆ రెండింటి మధ్య ఉన్న సంబంధం మన కంట పడలేదు.

తమిళనాడు కొంగు ప్రాంతంలో దొరికిన కొంగు చోళుల నాటి శాసనం ఒకటి ఇంకొంచెం చెబుతుంది. అక్కడి కమ్మాలర్లు పెళ్ళికీ చావుకూ రెండు శంఖాలు ఊదించుకోవచ్చు, డోళ్ళు కొట్టించుకోవచ్చు, బయటికి పోయేటప్పుడు చెప్పులు తొడుక్కోవచ్చు, ఇంటి గోడలకు గచ్చు వేసుకోవచ్చు అని రాజు ఆజ్ఞ. ఆజ్ఞ ఇచ్చారంటే అంతకుముందు ఆ హక్కులు లేవన్న మాటే గదా. దేవుడి పాదాలను పోతపోయగలిగిన చేతులు సొంత పాదాలకు చెప్పులు తొడగడానికి రాజు అనుమతి కోసం ఎదురుచూశాయి. ఆ చెప్పులు కుట్టినవాళ్ళ కాళ్ళ సంగతి ఆ శాసనం ఎత్తనే లేదు.

పోత పూర్తయి, కళ్ళు తెరిపించే తంతు, ప్రతిష్ఠ జరిగాక లోహం దేవుడవుతుంది. ఆ తర్వాత మట్టి మోసినవాడి నీడ దాని మీద పడకూడదు. ఈ నిషేధాన్ని చట్టం కదిలించడానికి 1936 తిరువాన్కూరు ప్రకటన, 1939లో ఒకటీ 1947లో ఒకటీ మద్రాసు చట్టాలు, 1950లో రాజ్యాంగం 17వ అధికరణం, 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం రావలసి వచ్చింది. ద్రవంగా ఉన్నప్పుడు అందరి శ్రమనూ కలుపుకున్న లోహం, గట్టిపడ్డాక కొందరిదే అయింది. ఇది లోహం గుణం కాదు. సమాజం గుణం.

ఇవాళ

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఉషేగాంలో ఓజాలు ఈ రోజుకీ మైనపు దారాలు చుట్టి ఇత్తడి పోతపోస్తున్నారు. గోండుల దేవతలకు, వేడుకలకు కావలసిన వస్తువులు తరతరాలుగా వాళ్ళు చేసినవే. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు మంచిదే. కానీ అది వస్తువుకు వచ్చింది. ఆ వస్తువును చేసే ఎరుకను ‘గిరిజన హస్తకళ’ అనే అరలో పెట్టి, ప్రదర్శనలో అమ్ముకునే అందంగా మాత్రమే చూడటం మారలేదు.

అదే రాష్ట్రంలో, హైదరాబాద్‌లో, రక్షణ శాఖవారి లోహ పరిశోధన ప్రయోగశాల ఉంది. హెలికాప్టర్ ఇంజన్ల కోసం ఏక స్ఫటిక టర్బైన్ రెక్కలు అక్కడ తయారుచేసి, 60 రెక్కలను హిందూస్తాన్ ఏరోనాటిక్స్‌కు ఇచ్చినట్టు 2021లో ప్రకటించారు. ఆ రెక్కలు పోతపోసే పద్ధతికి మూలం ఏమిటి? మైనంతో నమూనా చేయడం, దాని చుట్టూ వేడికి కరగని పింగాణీ పూత వేయడం, మైనాన్ని కరిగించి తీసేయడం, ఆ ఖాళీలో లోహం పోయడం, ఏ వైపు నించి గట్టిపడాలో అదుపు చేయడం. లోహం వేరు, యంత్రాలు వేరు, కొలతల కచ్చితత్వం వేరు. ఆ తేడాలను మేం తక్కువ చేయడం లేదు. కానీ సూత్రం ఉషేగాంలో ఉన్నదే. ఒకచోట దానికి విజ్ఞానమని పేరు, ఇంకోచోట కళ అని పేరు. పేరును బట్టి కూలీ మారుతుంది, గౌరవం మారుతుంది, పిల్లల చదువు మారుతుంది.

మా ఇళ్ళల్లో మేమే మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కినవాళ్ళం. మేం చదివిన పాఠాల్లో ద్రవానికి ఉదాహరణ గ్లాసులో నీళ్ళు, ఘనానికి ఉదాహరణ ఇటుక. కొలిమి లేదు, మూస లేదు, లంద లేదు. పిల్లవాడు తన ఇంటి వెనక రోజూ చూసే రసాయన శాస్త్రం బడిలో కనపడకపోతే, శాస్త్రం తనది కాదనుకుంటాడు. అట్లా అనుకునేటట్టు చేయడమే ఇన్నాళ్ళూ జరిగింది. అందుకే మేం అడిగేవి చిన్న సంగతులే. మ్యూజియంలో కంచు విగ్రహం కింద రాసే చీటీలో రాజు పేరుతోపాటు మైనం, మట్టి, బొగ్గు, తోలు తిత్తి అన్న మాటలూ, అవి ఎవరి పనులో కూడా రాయాలి. పదార్థ స్థితుల పాఠంలో పోతపని రావాలి, ఆ పాఠం చెప్పడానికి ఓజా పనివాళ్ళను జీతమిచ్చి బడికి పిలవాలి. లోహ చరిత్ర రాసేవాళ్ళు తోలు చరిత్ర కూడా చదవాలి. తంజావూరు శాసనాల్లోని విగ్రహాల జాబితాను ఉటంకించే ప్రతి వ్యాసం, అదే గుడి మీది చేరుల జాబితాను కూడా పక్కనే పెట్టాలి. రెండూ ఒకే గుడి మీద ఉన్నాయి, ఒకే రాజు చెక్కించినవి.